రెండు అదార్లు వచ్చిన ఏడాది

వెన్న కరిగిపోతుంటే ఎవరికైనా కోపం వస్తుంది. మిందా కోపం మాత్రం వెన్న మీద కాదు, ఫిబ్రవరి మీద. మోంతెవిదేవోలో ఫిబ్రవరి అంటే మండు వేసవి, ఆ నెలలో బుద్ధి ఉన్నవాళ్ళెవరూ పొయ్యి వెలిగించి పిండివంటలు పెట్టుకోరు. డబ్బున్నవాళ్ళు సముద్రపు ఒడ్డుకి పోతారు, లేనివాళ్ళు కార్నివాల్ డప్పుల వెంట పోతారు. ఈ రెండూ చెయ్యకుండా, కిటికీ తలుపులు మూసుకుని, పాలరాతి బల్ల మీద ఐసు ట్రే పెట్టి రాయిని చల్లబరుచుకుంటూ, చెమట పిండిలో పడకుండా నుదుటికి చేతిగుడ్డ కట్టుకుని రుగలాలు చుడుతున్న మనిషి వీయా మున్యోస్ పేట మొత్తానికి తనొక్కతే అయి ఉంటుందని ఆమెకి తెలుసు.

వెన్నా, చీజూ సమంగా వేసి కలిపిన పిండి ముద్దలు రాత్రంతా ఫ్రిజ్‌లో ఉన్నాయి. ఒక్కో ముద్దనీ బయటికి తీసి, అది మెత్తబడేలోగా గుండ్రంగా వత్తాలి. దాని మీద మెంబ్రీయో పండు గుజ్జు పల్చగా రాసి, అక్రోట్ పలుకులు, దాల్చినచెక్క పొడి చల్లి, పన్నెండు ముక్కోణాలుగా కోసి, వెడల్పు వైపు నుంచి కొస దాకా చుట్టాలి. మెంబ్రీయో పండ్లు మార్చి దాటితే గాని రావు కాబట్టి పోయినేడు తనే ఉడికించి దిమ్మగా పోసి దాచుకున్న గుజ్జుని ఈ రోజు కోసం నిమ్మరసంతో పలుచన చేసింది.

"ఏమే, కొసలు కిందికి పెడుతున్నావా? పోయినేడు సగం నోళ్ళు తెరుచుకున్నాయి, మందిరంలో మన మగాళ్ళలాగే," అంది త్సీపా పిన్ని.

పిన్ని అంటే మిందా తల్లికి చెల్లెలు. తల్లి పోయాక తల్లి చెప్పవలసిన మాటలన్నీ తనే చెబుతోంది, రెండింతలు చేసి. ఇప్పుడు కుర్చీలో కూర్చుని, మాంసం కొట్టువాళ్ళు ఏటా ఇచ్చే యూదుల కాలెండరుతో విసురుకుంటోంది.

"పెడుతున్నాను పిన్నీ."

"ఎన్ని?"

"అరవై."

"తొమ్మిదీ పదిమంది ముసలాళ్ళకి అరవయ్యా? వాళ్ళందరి పళ్ళూ కలిపినా అరవై ఉండవే."

"చప్పరిస్తారులే."

పిన్ని విసరడం ఆపి కాలెండరు కళ్ళకి దగ్గరగా పెట్టుకుంది. అదార్ నెలలో తొమ్మిదో తేదీ చుట్టూ మిందా ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టి ఉంది. "ఈ ఏడు అధికమాసం పడిందే. అదార్లు రెండు."

"చూశాను. మనకి మొదటిదే కదా."

"మనకి మొదటిదే. పోయినవాళ్ళకి చెయ్యాల్సింది వాయిదా వెయ్యకూడదని మా నాన్న అనేవాడు. అప్పులవాళ్ళకైతే ఎంత వాయిదా వేసినా ఏమీ అనేవాడు కాదు."

మిందా నవ్వలేదు గాని, నవ్వవలసిన చోటు అదేనని గుర్తించినట్టు తల ఊపింది.

రేపు కూతురు లూనా సంవత్సరీకం. రెండో సంవత్సరీకం. తొమ్మిదేళ్ళ పిల్ల మెదడువాపు జ్వరంతో మూడు రోజుల్లో పోయింది. సంవత్సరీకం నాడు తండ్రి పదిమంది మగవాళ్ళ మధ్య నిలబడి కద్దీష్ ప్రార్థన చదవాలి. ఆ తర్వాత ఇంటివాళ్ళు తెచ్చిన తీపి తిని, చిన్న గ్లాసుతో బ్రాందీ తాగి, "ఆత్మ పైకెక్కాలి," అని వచ్చినవాళ్ళు అనాలి. అలా అన్నప్పుడు పైనున్నవాళ్ళు ఒక మెట్టు ఎక్కుతారట. తొమ్మిదేళ్ళ పిల్లకి ఎక్కవలసిన మెట్లు ఎన్ని ఉంటాయో మిందాకి అర్థం కాదు. అయినా అరవై రుగలాలు చేస్తోంది.

తండ్రి విటాలి ఇప్పుడు ఈ ఇంట్లో ఉండటం లేదు. ఈ నగరంలోనే పాత ఊళ్ళో తల్లి దగ్గర ఉంటున్నాడు. మొగుడూ పెళ్ళాలు ఏడాదికొక్క రోజు కలుస్తారు, అది సంవత్సరీకం రోజే. పోయినేడు పొద్దున్నే వచ్చాడు, కద్దీష్ చదివాడు, రెండు రుగలాలు తిన్నాడు. బస్సు స్టాపు దగ్గర ఇద్దరూ నిలబడ్డారు.

"వచ్చే ఏడు కూడా నేనే చదువుతాను. వేరే ఎవరినీ పెట్టకు," అన్నాడు.

"పెట్టను."

"పిండి బాగా కుదిరింది."

"విటాలీ, ఆ రోజు నేను..." అని మిందా మొదలుపెట్టింది. గంటకి గాని రాని బస్సు అప్పుడే వచ్చింది. అతను ఎక్కేశాడు.

ఆ మాట పూర్తి చెయ్యడానికి ఆమె ఏడాదిగా కాచుకుని ఉంది. ఈసారి బస్సు స్టాపు దాకా పోనివ్వదు. మందిరం గుమ్మంలోనే, మొదటి రుగలా అతని చేతిలో ఉండగానే చెప్పేస్తుంది. నోట్లో తీపి ఉన్న మనిషి అడ్డు చెప్పలేడు.

ఆ రోజు తనన్న మాట సంగతి పేటంతా తెలుసు.

మిందావాళ్ళది పోలండు నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళలో బిడ్డకి చచ్చిపోయినవాళ్ళ పేరే పెడతారు, బతికున్నవాళ్ళ పేరు చచ్చినా పెట్టరు. విటాలి వాళ్ళది టర్కీలో ఇజ్మీర్. వాళ్ళలో బతికున్న నాయనమ్మ పేరు పెట్టడమే గౌరవం. బిడ్డ పుట్టగానే విటాలి, "మా అమ్మ పేరు. లూనా," అన్నాడు, తనే కన్నంత సంతోషంగా. ఆసుపత్రి మంచం పక్కనే మిందా తల్లి లేచి నిలబడింది. "ఒక ఇంట్లో ఇద్దరు లూనాలా? మృత్యుదూత చదువుకున్నవాడు కాదు నాయనా. చీటీ మీద పేరు చూసుకుని వస్తాడు. ఎదురైనవాళ్ళని పట్టుకుపోతాడు." త్సీపా పిన్ని అక్క వెనకే నిలబడి మూడుసార్లు ఉమ్మింది. యూనివర్సిటీలో రసాయనశాస్త్రం చదివిన మిందా పక్క మీద పడుకునే నవ్వింది. "మృత్యుదూతకి ఇంటి నంబరు కూడా ఇస్తారులే అమ్మా," అంది.

తొమ్మిదేళ్ళ తర్వాత, పిల్ల పోయిన ఏడో రోజున, ఇల్లంతా చుట్టాలు పొట్టి పీటల మీద కూర్చుని ఉండగా, ఎదురుగా కూర్చున్న అత్తగారిని చూసి మిందా అంది: "వాడు వచ్చింది ముసలి లూనా కోసం. అడ్రసు తప్పి నా లూనాని తీసుకుపోయాడు."

విటాలి లేచి, తల్లికి కోటు తొడిగి, చెయ్యి పట్టుకుని బయటికి తీసుకుపోయాడు. సాయంత్రం తిరిగి వచ్చాడు. ఆరు నెలలు అదే ఇంట్లో ఉన్నాడు, ఉప్పు అందుకోవడానికి తప్ప మాట్లాడలేదు. తర్వాత బట్టలు సర్దుకుని వెళ్ళిపోయాడు.

చీకటి పడుతుండగా మిందా గాజు గ్లాసులో పెట్టిన కొవ్వొత్తి వెలిగించింది. రేపు చీకటి పడేదాకా వెలుగుతుంది. వీధిలో డప్పులు మోగుతున్నాయి.

పొద్దున ఏడింటికి మందిరంలో తొమ్మిది మంది ఉన్నారు.

పదోవాడు లేకపోతే దేవుడు వినడని కాదు. వింటాడు, కానీ కద్దీష్ మాత్రం చదవనివ్వరు. మామూలు రోజుల్లో ఇరవై మంది వస్తారు. ఫిబ్రవరిలో అందరూ ఇసకలో కాళ్ళు చాపుకుని ఉంటారు. మందిరం చూసుకునే, పేటంతా బాబాయ్ అనే లైజర్ రెండుసార్లు వీధిలోకి వెళ్ళి అటూ ఇటూ చూసి వచ్చాడు. ఆయన మాటలు ఖర్చుపెట్టే మనిషి కాదు. పెళ్ళిలో కూడా నాలుగు మాటల కంటే ఎక్కువ మాట్లాడలేదని, అందులో ఒకటి దగ్గని పిన్ని చెబుతుంది.

"బయల్దేరాడా?" అన్నాడు.

"వస్తాడు," అంది మిందా.

"ఫోను?"

"వస్తానని చెప్పాడు బాబాయ్. పోయినేడే చెప్పాడు."

ఏడున్నర అయింది. మిగిలిన ప్రార్థనలన్నీ సాగదీసి చదివారు. చివర రెండు పాటలు, ఎవరూ అడగనివి, పాడారు. ఎనిమిదయింది. మిందా ఆడవాళ్ళ వైపు చెక్క కటకటాల వెనక నిలబడి తలుపునే చూస్తోంది. గాలికి తలుపు కదిలినప్పుడల్లా పిన్ని ఆమె మోచెయ్యి పట్టుకుంటోంది. ఎనిమిదింపావుకి మందుల కొట్టాయన చేతి గడియారం చూసుకుని, "అమ్మాయ్, కొట్టు తియ్యాలి, ఏమీ అనుకోకు," అన్నాడు. తొమ్మిది ఎనిమిదయింది.

"ఇక లాభం లేదు," అన్నాడు లైజర్.

అప్పుడు మిందా డబ్బా మూత తీసింది. ఏం చెయ్యాలి మరి. మనుషులు ఆకలితో ఉన్నారు, రుగలాలు బాగా కుదిరాయి. కొసలన్నీ కిందికే ఉన్నాయి, ఒక్కటి కూడా నోరు తెరవలేదు. ముసలాళ్ళు ఒక్కొక్కరూ తీసుకుని, "ఆత్మ పైకెక్కాలి," అన్నారు. చదవని కద్దీష్‌కి ఏ మెట్టు ఎక్కుతుంది? ఒకాయన రెండోది తీసుకుంటూ, "మా ఆవిడ చేతిలో ఇంత మెత్తగా రావు," అన్నాడు. "ఆవిడ కోపంగా వత్తుతుంది."

తిరిగి వస్తుంటే పిన్ని అంది: "చెప్పకూడదు గానీ, ఆ మాట వాడు మర్చిపోలేదే."

"నేను మాత్రం మర్చిపోయానా?"

"ఫోను చెయ్యవే ఒకసారి."

"పిల్ల సంవత్సరీకానికి రమ్మని తండ్రిని పిలవాలా? పిలిస్తే వచ్చేవి కాళ్ళే పిన్నీ. కాళ్ళతో నాకేం పని?"

వంటింటి సొరుగులో లాయరు పంపిన విడాకుల కాగితాలు ఎనిమిది నెలలుగా పడి ఉన్నాయి. విటాలి చెల్లెలు ఊరుకోలేక పంపించింది. వాటితో పాటు విటాలి ఒక చీటీ పెట్టాడు: "నీకెలా బాగుంటే అలా." ఎలా బాగుంటుందో తెలియక ఆమె వాటి మీద వెన్న కాగితాలు పేరుస్తూ వచ్చింది. ఇప్పుడు వెన్న కాగితాలు పక్కన పెట్టి, సంతకం చెయ్యాల్సిన చోటల్లా చేసి, కవరులో పెట్టి, విటాలి పేరు రాసి, ఎండలో నడిచి వెళ్ళి పోస్టు చేసి వచ్చింది.

డబ్బాలో ఇంకా నలభై దాకా ఉన్నాయి. పిన్ని అయిదు తీసుకుంది, వద్దంటూనే. సాయంత్రం కార్నివాల్ వేషగాళ్ళు లారీ ఎక్కడానికి వీధిలో పోతుంటే మిందా డబ్బా తీసుకుని గుమ్మంలోకి వెళ్ళింది. మొహం నిండా తెలుపూ నీలం పూసుకున్న లావాటి మనిషి ఒకడు ఆగి, రెండు ఒకేసారి నోట్లో వేసుకుని, మిగతావాళ్ళని కేకేశాడు.

"భలే ఉన్నాయి. ఎవరి పుట్టినరోజమ్మా?"

"మా అమ్మాయిది," అంది మిందా.

"ఎన్నేళ్ళు?"

"తొమ్మిది."

"నూరేళ్ళు బతకాలి," అని, ఖాళీ డబ్బా వంగి దణ్ణం పెట్టి మరీ ఇచ్చి వెళ్ళిపోయాడు.

మార్చి వచ్చింది. ఎండ తగ్గింది, బడులు తెరిచారు. కూరగాయల కొట్లో ముందస్తు మెంబ్రీయో పండ్లు నాలుగు కనబడ్డాయి, గట్టిగా, పచ్చగా, బూజులాంటి నూగుతో. మిందా ఒకటి చేతిలోకి తీసుకుని వాసన చూసి పెట్టేసింది. బొమ్మల కొట్టు అద్దాల్లో పిల్లల వేషాలు వేలాడదీశారు. మరో వారంలో పూరిం పండగ, పిల్లలు రాజులూ రాణులూ అయిపోయే రోజు. ఆ అద్దాల ముందు ఆమె తల తిప్పుకుని నడిచింది.

ఒక పొద్దున పదకొండింటికి త్సీపా పిన్ని మెట్లెక్కి వచ్చింది. ఆవిడ మెట్లెక్కదు. కింద నుంచి కేక వేస్తుంది, ఎవరో ఒకరు దిగుతారు. అందుకని మిందా చేతిలో గరిటె కింద పెట్టింది.

"కూర్చోవే," అంది పిన్ని రొప్పుతూ.

"నువ్వు కూర్చో ముందు. మొహం చూడు ఎలా ఉందో."

"కూర్చుంటే చెప్పలేను. విటాలి వచ్చాడంట."

"ఎక్కడికి?"

"మందిరానికి. పొద్దున ఏడింటికి. కొత్త చొక్కా వేసుకుని, గెడ్డం గీసుకుని. ఇరవై మంది ఉన్నారంట. నిలబడి కద్దీష్ చదివాడంట లూనాకి. మాంసం కొట్లో లైజర్ కనపడి చెప్పాడు. ఇవాళ తొమ్మిది, అమ్మాయ్."

"తొమ్మిది నెల కిందటే అయిపోయింది."

"మనకి అయిపోయింది. వాళ్ళకి కాలేదు. ఆ ఇజ్మీర్ వాళ్ళకి మొదటి అదార్ ఉత్తదేనంట, అధికంగా వచ్చింది అధికంగానే పోతుందంట. రెండోదే అసలైనదంట. నాకేం తెలుసే? అరవై ఎనిమిదేళ్ళొచ్చాయి, ఇజ్మీరువాడు ఒక్కడు చచ్చినా నన్ను పిలవలేదు."

మిందా పొయ్యి ఆర్పింది. ఆర్పి, మళ్ళీ ఆరిందో లేదో చూసింది.

"నా గురించి అడిగాడా?"

"'మిందా రాలేదా?' అన్నాడంట."

"లైజర్ బాబాయ్ ఏమన్నాడు?"

పిన్ని ఇప్పుడు కూర్చుంది. "'చేసేసిందిగా, నెల కిందటే' అన్నాడంట."

"అంతేనా? ఎదురుచూశానని చెప్పలేదా? పదిమంది లేరని, చదవనే లేదని..."

"వాడు అడిగింది ఒక్క మాట, వీడు చెప్పింది ఒక్క మాట. లైజర్ సంగతి నీకు తెలుసుగా. దేవుడు వాడికి నాలుక ఇచ్చింది తపాలా బిళ్ళలు అంటించుకోవడానికి."

మిందాకి బొమ్మల కొట్టు అద్దం గుర్తొచ్చింది. పిల్ల పోయింది పూరింకి అయిదు రోజుల ముందు. తను సముద్రపు దొంగ వేషం కుడుతోంది. ఒక కాలు కుట్టడం అయింది, రెండో కాలికి అంచు మిగిలింది. పూరిం వచ్చేది రెండో అదార్‌లోనే, ఎవరి లెక్కలో అయినా. విటాలి ఆ వేషం నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని వచ్చాడు. తను కొట్టువాళ్ళ కాలెండరు మీద ఎర్ర సున్నా చూసుకుని వెళ్ళింది. కుట్టిన తల్లి తను.

తను వేరే రోజు చేసేసిందని అతను అనుకుంటాడు. అతన్ని రానివ్వకూడదనే తను ఆ రోజు ఎంచుకుందనుకుంటాడు. పైగా సంతకం పెట్టిన కాగితాలొకటి.

"ఎక్కడికే? ఆ ఏప్రను విప్పి వెళ్ళవే," అని పిన్ని వెనక నుంచి అరుస్తోంది.

పాత ఊళ్ళో ఆ ఇంటి తలుపు తీసింది అత్తగారు. రెండేళ్ళలో మనిషి సగమైంది. మిందాని చూసింది, ఏప్రన్ చూసింది, పక్కకి తప్పుకుంది.

"వాడు లేడు. మందిరం నుంచి వచ్చి, ఆ కాగితాలు జేబులో పెట్టుకుని లాయరు దగ్గరకెళ్ళాడు. నెల రోజులుగా సంతకం చెయ్యకుండా దగ్గర పెట్టుకున్నాడు, నిన్ను అడిగి చేస్తానని. కూర్చో. వాడి కోసం వచ్చావా?"

"మీ కోసం వచ్చాను అత్తయ్యా," అంది మిందా. బస్సు ఎక్కినప్పుడు అది నిజం కాదు. కూర్చునేసరికి నిజమైంది. "ఆ రోజు నేనన్న మాట..."

"ఏ మాట?"

"మీకు తెలుసు."

"తెలుసు. రెండేళ్ళుగా దాన్ని నేనొక్కదాన్నే మోస్తున్నాను. ఒకసారి నువ్వు కూడా పట్టుకో. చెప్పు."

మిందా చెప్పింది. అదే మాట, అక్షరం పొల్లుపోకుండా. చెప్పేటప్పుడు ముసలావిడ చేతులు చూస్తూ చెప్పింది. "అది తప్పు. అనకూడని మాట. వెనక్కి తీసుకుంటున్నాను," అంది.

"మా వాడి బట్టల కొట్లో కత్తిరించిన గుడ్డ వెనక్కి తీసుకోరు," అంది ముసలావిడ. కోపంగా అనలేదు. "పిల్లకి జ్వరం వచ్చిన రెండో రోజు నేను మందిరానికి వెళ్ళాను. పవిత్ర గ్రంథాల ముందున్న తెర పట్టుకుని దేవుణ్ణి అడిగాను. లూనా కావాలంటే ఇక్కడున్నాను, డెబ్భై ఎనిమిదేళ్ళదాన్ని, పళ్ళు కూడా లేవు, నీకు శ్రమ ఉండదు, ఆ ఇంటి మెట్లెక్కకు అన్నాను. ఇంకో వారానికి నువ్వన్నావు ఆ మాట. నువ్వు నాకంటే వారం ఆలస్యం, అంతే. విటాలి గుమ్మం దగ్గరే నిలబడి విన్నాడు, నేను బతిమాలడం."

కింద తలుపు చప్పుడయింది. విటాలి పైకి వచ్చి, మిందాని చూసి గుమ్మంలోనే ఆగాడు. కొత్త చొక్కా మెడ దగ్గర బిగుతుగా ఉంది.

"ఇచ్చేశాను," అన్నాడు. "నీకెలా బాగుంటే అలా అన్నాను కదా."

"మా వాళ్ళకి మొదటి అదారే విటాలీ. నేను అప్పుడు చేశాను. నువ్వు వస్తావని ఎనిమిదింపావు దాకా నిలబడ్డాను. తొమ్మిది మందే ఉన్నారు. నువ్వు పదోవాడివి. ఎవరూ చదవలేదు."

అతను గుమ్మం దాటి లోపలికి వచ్చాడు. తర్వాత కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"చదవలేదా?"

"లేదు."

"పొద్దున కాఫీ కూడా తాగకుండా మందిరానికి వచ్చాను," అన్నాడు. "నీ రుగలాలు ఉంటాయని."

ముసలావిడ టెలిఫోను వైపు చూపించింది. "లాయరు ఇంకా కవరు విప్పి ఉండడు. ఒక్క ఫోను చెయ్యి. మాతృభాషలోనే చెయ్యొచ్చు, టర్కీ వాడే."

విటాలి లేవలేదు. మిందా కూడా 'చెయ్యి' అనలేదు. ఆ గదిలో ఎవరైనా ఒక్కరు లేచి ఉంటే సరిపోయేది.

"నువ్వన్న మాటకి కోపం వచ్చి వెళ్ళాననుకుంటున్నావు," అన్నాడు చివరికి. "కోపం కాదు మిందా. అప్పటికి ఏడు రోజులుగా నా తలలో అదే మాట తిరుగుతోంది. పేరు పెట్టింది నేను. మీ అమ్మ వద్దన్నా పెట్టింది నేను. నువ్వు పైకి అనేశావు. అమ్మ మొహం చూస్తే అదే కనపడుతుంది. నీ మొహం చూసినా అదే. అమ్మ ముసలిది, వదిలెయ్యలేను."

"నేను ఏమీ అనుకోవడం లేదు ఇప్పుడు."

"తెలుసు. నేను అనుకుంటున్నాను."

మిందా లేచి, ఏప్రన్ విప్పి, మడిచి చేతిలో పట్టుకుంది.

"వచ్చే ఏడు అదార్ ఒక్కటే," అన్నాడు విటాలి.

"ఒక్కటే."

"వస్తాను."

"రా. చేసి ఉంచుతాను."

ముసలావిడ ఆమె వెనకే మెట్ల దాకా వచ్చింది, గోడ పట్టుకుంటూ. తలుపు దగ్గరగా వేసింది.

"అమ్మాయ్, ఒకటి అడుగుతాను. రెండేళ్ళుగా నన్నెవరూ పేరుపెట్టి పిలవడం లేదు. కొడుకూ కూతురూ ఎలాగూ పిలవరు. నా స్నేహితురాళ్ళు, పక్కింటావిడ, రొట్టెల కొట్టువాడు, అందరూ అవ్వా అంటున్నారు. మా వాడి చెవిన పడుతుందని భయం. పోయినవాళ్ళ పేరు పోయినవాళ్ళతోనే పోయిందనుకుంటున్నారు. నేనింకా ఉన్నాను కదా. వెనక్కి తీసుకుంటానన్నావు. తీసుకో. పిలువు నన్ను."

అత్తగారిని పేరుపెట్టి పిలవడం ఏ పేటలోనూ మర్యాద కాదు. ఇబ్బంది అది కాదు. ఆ పేరు మిందా నోట రెండేళ్ళుగా గట్టిగా రాలేదు. ఆ రెండక్షరాలని పిలవడం ఆమెకి ఒక్క రకంగానే వచ్చు. సాయంత్రం వంటింటి కిటికీలోంచి వీధిలోకి తల పెట్టి, రెండో అక్షరం సాగదీసి, భోజనానికి పిలిచినట్టు.

అలాగే వచ్చింది. "లూనా..."

కేక మెట్ల మీదుగా కిందికి దిగి, వీధి గుమ్మం దాకా వెళ్ళింది. లోపల గదిలో కుర్చీ కదిలిన చప్పుడయింది, ఆగిపోయింది. ముసలావిడ గోడ పట్టుకుని, ఆడుకుంటున్న పిల్ల ఆట వదిలి పలకడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఊరుకుంది. ఎవరూ పలకలేదు.

అప్పుడు ఆవిడ, "ఇక్కడున్నానమ్మా," అంది.